నాయన చేతి వంగ విత్తనం

వంగ ఆకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి నలిపితే చాలు, ఆ చెట్టు కాయల్లో పుచ్చు ఎక్కువుంటుందో తక్కువుంటుందో నేను చెప్పగలను. గొప్పలు పోతున్నానని అనుకుంటే అనుకోండి. పదిసార్లు చెబితే ఎనిమిదిసార్లు నిజమవుతుంది. మిగిలిన రెండుసార్లూ ఎందుకు తప్పిందో కూడా చెప్పగలను. ఈ విద్య నాకు పుట్టుకతో రాలేదు. ఒక పెద్ద తప్పు చేసి, దాని వెంట నాలుగేళ్ళు నడిస్తే వచ్చింది. తప్పు నాది. దాని ఫలితం మాత్రం మా నాయన అనుభవించాడు.

మా ఊరు పొదిలికీ మార్కాపురానికీ నడుమ, కొనకనమిట్ల వైపు ఉంటుంది. వాన పడితే కంది, పడకపోతే మళ్ళీ కందే. బోరులో నీళ్ళున్నవాళ్ళు మాత్రం ఓ పాతిక సెంట్లలోనో అరెకరంలోనో కూరగాయలు పెట్టుకుంటారు. నాయనకు అరెకరం వంగతోట ఉండేది. నాకు ఊళ్ళోనే పెళ్ళయింది, అత్తగారిల్లు రెండు వీధుల అవతల. తెల్లారగానే మా ఆయనకు టీ ఇచ్చి నేను నాయన తోటలో ఉండేదాన్ని. పెళ్ళయిన పిల్లకు పొద్దున్నే పుట్టింటి తోటలో ఏం పనని మా అత్త మొదట్లో సణిగింది. చెంగు నిండా తెచ్చిన వంకాయలు చూశాక ఊరుకుంది.

వంగతోట అంటే మందు కొట్టడమే అన్నట్టు నడిచేది ఆ రోజుల్లో. చిన్న తెల్లటి రెక్కలపురుగు వచ్చి లేత మొవ్వుల మీద గుడ్లు పెట్టిపోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు మొవ్వులోకి దూరి లోపల్లోపలే తింటుంది, కొమ్మ తల వాల్చేస్తుంది. కాయలు పడగానే కాయల్లోకి దూరుతుంది. పైకి సూది బెజ్జమంత గుర్తు, కోస్తే లోపలంతా నల్లటి పొట్టు. ఒకసారి లోపలికి పోయిన పురుగుకు మందు తగలదు. దూరకముందే కొట్టాలి, అందుకని వారానికోసారి, అది చాలక మూడు రోజులకోసారి. నాయన ఇరవై ఏళ్ళు వీపున పంపు తగిలించుకుని ఆ సాళ్ళ మధ్య తిరిగాడు. మూతికి గుడ్డ కట్టుకోమంటే ఊపిరాడదనేవాడు. ఆయన చొక్కాలు ఉతికితే అమ్మ చేతులు మండేవి.

ఒక ఎండాకాలం ఆయనకు చేతులు వణకడం, కళ్ళు మసకబారడం మొదలైంది. మార్కాపురం తీసుకుపోతే డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు.

"ఇంక పంపు ముట్టుకోవద్దు పెద్దాయనా. ఇంకోసారి మందు ఒంట్లోకి పోతే నేను కూడా ఏం చేయలేను."

బయటికొచ్చి మెట్ల మీద నిలబడి నాయన అడిగిన మొదటి మాట తన ప్రాణం గురించి కాదు.

"అయితే వంగ ఎత్తేయాల్సిందేనా పాపా?"

"కూలికి మనిషిని పెట్టి కొట్టిద్దాం నాయనా."

"నాకు పడనిది వానికి పడుద్దా? వానికి మాత్రం ఊపిరితిత్తులు లేవా ఏంది?"

తోట లేకపోతే నాయన ఏమవుతాడో నాకు తెలుసు. అరుగు మీద కూర్చుని ఇంకొకరి పేకాట చూసే మనిషి కాదు ఆయన. రెండు నెలలు కూడా నిలవడు. అంటే మందు లేకుండా వంగ పండాలి, లేదంటే నాయన తోట వదలాలి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మందు అక్కర్లేని వంగను నేనే తయారు చేస్తానని ఆయనతో చెప్పాను. నాయన నా మొహం చూసి, "కండక్టరు నీకు చిల్లర ఇచ్చినాడా?" అని మాట మార్చాడు.

నేను ఊరికే అనలేదు. పెళ్ళికి ముందు, డిగ్రీ మధ్యలో ఆపేసినాక, మూడు సీజన్లు గిద్దలూరు అవతల పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పని చేశాను. పొద్దు వాలేవేళ, రేపు విచ్చుకోబోయే మొగ్గను బొటనవేలి గోటితో వలిచి, లోపలి మగ భాగమంతా తీసేసి, నడిమి పుల్ల ఒక్కటే మిగల్చాలి. గుర్తుకు ఎర్ర దారం కట్టాలి. మరునాడు పొద్దున పక్క మడిలోంచి వేరే రకం పువ్వు తెంపి, దాని పుప్పొడి ఆ పుల్లకు మెత్తగా రుద్దాలి. నా గోరు చురుకు. సాలు చివరికి అందరికన్నా ముందు నేనే చేరేదాన్ని. చేరి ఊరుకునేదాన్ని కాదు, ఆకులు చూసేదాన్ని. ఒక మడిలో చెట్ల ఆకులు నూగునూగుగా ఉండేవి, వాటి మీద పచ్చదోమ నిలిచేది కాదు. పక్క మడిలో నున్నటి ఆకులు, దోమ పీల్చి పీల్చి అంచులు ఎర్రబడి దొప్పల్లా ముడుచుకునేవి. నూగులో దోమ కాలు నిలవదని నాకు ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టుకున్నాను.

ఆ చేలో సూపర్‌వైజరు ఒకాయన రోజూ ఒక మాట చెప్పేవాడు. ఈ విత్తనం ఒక్క పంటకే, దాంట్లో పండిన గింజలు దాచుకుని మళ్ళీ వేస్తే పనికిరావు అని. మేమంతా మూతి తిప్పుకునేవాళ్ళం. ఏటేటా కొనిపించడానికి వాళ్ళు చెప్పే మాయమాట అది అని అందరికన్నా గట్టిగా అన్నది నేనే. ఆ మాట గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మా పుట్టింట్లో నీళ్ళ తొట్టి పక్కన ఒక ముళ్ళ వంగ ఉండేది. మా అవ్వ కాలం నుంచీ అక్కడే మొలుస్తూ, అక్కడే రాలుతూ ఉంది. కాడకు ముళ్ళు, ఆకు ఈనెకు ముళ్ళు, ఆఖరికి కాయ తొడిమకు కూడా ముళ్ళే. నిమ్మకాయకన్నా కాస్త పెద్ద కాయలు, తెల్లటి చారలు. ఆకు పట్టుకుంటే గరుకుగా, గొంగళి పట్టుకున్నట్టుండేది. కాయ చేదు తగిలేది. బెల్లం వేసి పులుసు పెట్టి అమ్మ ఎట్లాగో గొంతు దింపేది. కానీ దాంట్లో ఒక్క పుచ్చు కాయ నేను చూడలేదు. ఎవరూ మందు కొట్టని చెట్టు, పురుగు ఎందుకు పోలేదు? నాయన తోటలోని నున్న వంగ కాయ పెద్దది, తీపి, ముల్లు లేదు, సంతలో చూడగానే ఎత్తుకుపోతారు. పురుగు కూడా అందుకే ఎత్తుకుపోయేది.

నున్న వంగను తల్లిని చేశాను. సాయంత్రం పూట విచ్చుకోబోయే మొగ్గలు విప్పి, పసుపుపచ్చ పుప్పొడి కాయల్ని అమ్మ కనుబొమల పట్టకారుతో లాగేసి, కాగితం పొట్లం తొడిగి, ఎర్ర దారం కట్టాను. పొద్దున ముళ్ళ వంగ పువ్వు తెచ్చి గోటి మీద తట్టి పుప్పొడి రాశాను. నాయన గట్టు మీద కూర్చుని చూశాడు.

"ముహూర్తం చూసినావా, ఊరికే కడుతుండావా?"

"నీ మనవరాళ్ళు పుట్టినాక అడుగు నాయనా."

పన్నెండు పువ్వులకు దారం కడితే అయిదు కాయలు నిలిచాయి. వాటి గింజలే మరుసటి సీజన్‌కు నారు పోశాం. మొలిచిన చెట్లన్నీ ఒకే అచ్చు. కాడకు అక్కడక్కడా ముల్లు, ఆకు నూగు, కాయ మధ్యస్థం, కాస్త చారలు, చేదు పట్టీ పట్టనట్టు. అమ్మ వండి తిని, బెల్లం అక్కర్లేదంది. పుచ్చు లేదని అనను, ఉంది. అయితే బుట్ట కాయలు కోస్తే పారేసేవి ఓ గుప్పెడు. అంతకుముందు సగం బుట్ట పారబోసేవాళ్ళం. ఆ సీజనంతా నాయన పంపు వసారాలో కొక్కేనికి వేలాడింది. పొదిలి సంతలో గంపలు దించగానే అమ్ముడుపోయాయి. నాయన నడకే మారిపోయింది. నేనైతే భూమ్మీద నడవలేదు.

విత్తనాల సంగతికి వస్తాను. మా వైపు ఇంటి కూరగాయల విత్తనం అమ్ముకోరు. అడిగినవాళ్ళకు లేదనరు కూడా. ఇచ్చేవాడు తన చేత్తో వాళ్ళ కొంగులోనో తువ్వాలులోనో పోస్తాడు. తీసుకున్నవాళ్ళు మొదటి కోతలో దోసెడు కాయలు తెచ్చి ఇచ్చినవాళ్ళ గడపలో పెట్టిపోతారు. పంట బాగుంటే ఫలానా ఆయన చెయ్యి మంచిదంటారు. బాగలేకపోతే కూడా ఆ చెయ్యినే అంటారు. నాయన చేతికి చుట్టుపక్కల మంచి పేరుండేది. మందు కొట్టని వంగ సంగతి తెలిసి జనం రావడం మొదలుపెట్టారు. మా పక్క చేను మామ, నాయనకు వరసకు బావమరిది, అందరికన్నా ముందొచ్చాడు. పొదిలిలో మా జాకెట్లు కుట్టే సాయిబుల పెద్దమ్మ కూడా తన పెరట్లో వేసుకుంటానంది.

ఆ మొదటి పంట కాయల్నే విత్తనానికి పండబెట్టాం. గింజలు ఆరబోస్తూ నాయన అనుమానంగా నన్ను పిలిచాడు.

"ఇట్లాంటి విత్తనం దాచుకోకూడదని గిద్దలూరులో ఎవరో చెప్పినారంటివే పాపా?"

"అది కంపెనీవాళ్ళ యాపారం నాయనా. చెట్టు మనది, చేసింది మనం. గుప్పిళ్ళ నిండా ఇయ్యి."

ఆయన ఇచ్చాడు. పదిహేను ఇళ్ళకు, పదిహేను కొంగుల్లో, తన చేత్తో పోశాడు.

కాయలొచ్చే కాలానికి ఒక్కొక్కరే దోసెడు తెచ్చి మా పుట్టింటి గడపలో పెట్టిపోవడం మొదలైంది. ఒకరు తెచ్చినవి నిమ్మకాయంత గట్టి కాయలు, తొడిమ నిండా ముళ్ళు. ఒకరివి పొడుగు, ఒకరివి గుండ్రం. తెల్లవి, ఆకుపచ్చవి, నీలానివి. ఒకే ఇంటివాళ్ళు తెచ్చిన దోసెట్లోనే నాలుగు రంగులు. కోసి చూస్తే కొన్నింటి నిండా పురుగు, కొన్నింటిలో పురుగు లేదు గానీ నోట పెడితే విషమంత చేదు. నాయన గడప ముందు గొంతుక్కూర్చుని ఆ కాయల్ని అటూ ఇటూ దొర్లిస్తూ ఉండిపోయాడు. మా సొంత తోటలో కూడా ఇదే వరస. నేనింకా ఎరువు ఎక్కువైందనీ, వాన తక్కువైందనీ కారణాలు వెతుకుతూనే ఉన్నాను. నా నోటికి ఓటమి అంత తొందరగా తిరగదు.

పక్క చేను మామ కూడా దోసెడు తెచ్చాడు. గడపలో పెట్టకుండా ఒక కాయను రెండుగా విరిచి నాయన ముందు పెట్టాడు. లోపల పురుగు మెలి తిరిగింది.

"నీ చేతికేమైంది బావా? పురుగులు కూడా నువ్వే పోసినట్టుండావే!"

మామ నోరు ఎప్పుడూ అంతే, నలుగురూ ఉంటే ఇంకాస్త సాగుతుంది. అక్కడున్నవాళ్ళు నవ్వారు. నాయన నవ్వలేదు. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదని అమ్మ చెప్పింది.

మూడో రోజు పొద్దున నేను తోటకు పోయేసరికి నాయన లేడు. ఇంటికి పోయి చూస్తే వసారాలో కొక్కెం ఖాళీగా ఉంది. పశువుల కొట్టం చూరులో దాచిన పాత మందు సీసా లేదు. నేను చేను దాకా పరిగెత్తేలోపే దారిలో ఎవరో కేకేసి చెప్పారు, మీ నాయనను మీ మామ ఆటోలో మార్కాపురం తీసుకుపోయినాడని. జరిగింది ఇదీ: నాయన తెల్లారకముందే లేచి, పంపు తగిలించుకుని, మామ వంగ మడికి మందు కొట్టడానికి పోయాడు. తన చేతి విత్తనానికి పురుగు పడితే తనే పోయి సరిచేయాలనుకున్నాడు. ఒకటి కాదు, పదిహేను ఇళ్ళకూ పోవాలనే ఆయన లెక్క. మామ మడిలో నాలుగు సాళ్ళు కొట్టి అయిదో సాలులో పడిపోయాడు. మామ చేనికొచ్చి చూసి, భుజాన వేసుకుని రోడ్డు దాకా మోసుకొచ్చాడు.

ఆసుపత్రిలో ఆయన ఒళ్ళంతా సబ్బుతో కడిగారు, సూదుల మీద సూదులు వేశారు. రెండు రోజులు మాట లేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మామ నోటి మీద కొంత, మిగతాదంతా నా మీద. మూడో రోజు నాయన కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు.

"ఎందుకు పోయినావు నాయనా?" అన్నాను.

"నా చేత్తో పోసిన విత్తనం పాపా. పుచ్చు పడితే నేను పోవాల్నా వద్దా?"

"తప్పు నాది. ఆ సూపర్‌వైజరు చెప్పింది నిజమే. నేనే చెవిన పెట్టలేదు."

"నువ్వు చెప్పినావు, నిజమే. పోసింది నా చెయ్యి గదా."

నా తప్పును నాకు ఇవ్వడానికి కూడా ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు ఏడుపొచ్చింది, వరండాలోకి పోయి ఏడ్చాను.

ఇంటికొచ్చాక నేను చేసిన మొదటి పని పదిహేను ఇళ్ళకూ పోయి, తప్పు మా నాయనది కాదు నాదని చెప్పడం. కొందరు పోనీలే అన్నారు, కొందరు మొహం మీదే నాలుగు మాటలన్నారు. పడ్డాను. పడుతూనే వాళ్ళ చెట్లు చూశాను. మూడో ఇంటికొచ్చేసరికి నా నోరు క్షమాపణ చెబుతుంటే నా చెయ్యి ఆకులు నలుపుతోంది. ఎక్కడా రెండు చెట్లు ఒకలా లేవు. మొదటి తరంలో తల్లి ఆస్తీ తండ్రి ఆస్తీ కలిసే ఉంటాయి. రెండో తరంలో పిల్లలు పంపకాలు మొదలుపెడతారు. ఒకదానికి ముల్లు, ఒకదానికి చేదు, ఒకదానికి నూగు, ఒకదానికి ఏదీ రాదు. సూపర్‌వైజరు చెప్పింది అదే. ఆయన చెప్పనిది ఒకటుంది. పంపకాల్లో ఎవరో ఒకరికి మంచి వాటా పడుతుంది. ఆ ఒక్కరిని వెతికి పట్టుకోవాలి. మా నాయన చెయ్యి పదిహేను ఇళ్ళకు విత్తనం పోసింది కాబట్టే నాకు వెతకడానికి అన్ని చెట్లు దొరికాయి. మా అరెకరంలోనే వేసుకుని ఉంటే అన్ని ఉండేవి కావు.

ఆ ఒక్కటి పొదిలిలో జాకెట్లు కుట్టే పెద్దమ్మ పెరట్లో దొరికింది. కుట్టుమిషను కిటికీకి ఎదురుగా, బట్టలుతికే బండ పక్కన ఉంది చెట్టు. కాడకు ముల్లు లేదు. ఆకు మాత్రం అడుగున దట్టంగా నూగు, మొవ్వు గిల్లితే గట్టిగా తగిలింది. కాయ మరీ చిన్నది కాదు.

"ఏం దవా కొట్టినావు పెద్దమ్మా?"

"దవా ఏంది బేటీ? మిషను దిగి నీళ్ళు పోసేదానికే నాకు తీరిక లేదు. ఒక్కటి పుచ్చిపోలేదు సూడు. మిగతా మూడు చెట్లు మాత్రం ఖరాబు, పీకి పారేసినా."

అక్కడే ఒక కాయ కొరికి చూశాను, పచ్చిదే. చేదు లేదు. పురుగును ఆపేది ముల్లూ కాదు, చేదూ కాదు, నూగూ గట్టి మొవ్వూ అని నాకు ఆ పెరట్లో తేటగా అర్థమైంది. అమ్మకు బెల్లం అక్కర్లేని కాయ, చేతికి గుచ్చుకోని చెట్టు, పురుగుకు నచ్చని ఆకు, మూడూ ఒకే చోట ఉండవచ్చు. ఆ కాయల్ని విత్తనానికి వదలమని పెద్దమ్మను బతిమాలుకున్నాను. ఆమె నా మూడు జాకెట్లు కుట్టకుండా బాకీ ఉంచి, కాయలు మాత్రం పండేదాకా కాపాడి ఇచ్చింది.

ఆపైన నాలుగేళ్ళ పని. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల పక్కన పగిలిన ముక్కలు కుప్పలుగా పడుంటాయి. ఒక గోతం నింపుకొచ్చి, చెట్టుకొక ముక్క గుచ్చాను. బలపంతో చెట్టు నంబరు రాస్తే వానకు పోతోందని మేకుతో గీశాను. విత్తనానికి ఉంచిన పువ్వు విచ్చుకోకముందే పాత చీర గుడ్డ సంచి కట్టేదాన్ని, తుమ్మెదలు పక్క చెట్టు పుప్పొడి తేకుండా. చెట్టు కాయలు కోసి లెక్క చూడటం నాయన పని. ఆయన చేతులకు వణుకు పూర్తిగా పోలేదు, అయినా కత్తిపీట ముందు కూర్చుంటే గట్టిగానే ఉండేవి. ప్రతి కాయనూ నిలువుగా చీల్చి, "దీనికుంది", "దీనికి లేదు" అని చెబితే నేను పలక మీద గీత గీసేదాన్ని. పంపు లేని నాయన తోటలో పొద్దంతా ఉండేవాడు. అమ్మ రుచి చూసేది. చేదైతే ఉమ్మేసేది, మొహమాటం లేదు.

అంతా సాఫీగా సాగలేదు. రెండో ఏడు మరీ నూగెక్కువ చెట్లకే నేను మొగ్గు చూపితే, పురుగైతే రాలేదు గానీ ఆ నూగులో తెల్లదోమ హాయిగా కాపురం పెట్టింది. ఒకరికి తలుపేస్తే ఇంకొకరికి ఇల్లిచ్చినట్టయింది. మళ్ళీ వెనక్కొచ్చి నడిమిరకం నూగు చెట్లు పట్టుకోవాల్సి వచ్చింది. ఇట్ల ఓ పంటంతా దండగైంది. నేను విసుక్కుంటే నాయన, "నీ మొగుడు కూడా మొదట్లో నాకు నచ్చలేదు. ఇప్పుడు నచ్చట్లేదా" అన్నాడు. అది ఓదార్పో ఎగతాళో ఇప్పటికీ తెలియదు.

మధ్యలో ఒక సంగతి నన్ను తినేసేది. నాయన పడిపోయిన రోజు పంపు మామ చేలోనే ఉండిపోయింది. రెండుసార్లు కబురు పంపాను. "నేను చూడలేదు" అన్నాడు. మంచి ఇత్తడి పంపు, నాయన ఎప్పుడో మోజుపడి కొన్నది. మామ దాన్ని దాచుకుని వాడుకుంటున్నాడని నేను ఊరంతా చెప్పాను. నాయనతో కూడా అన్నాను. ఆయన, "ఉండనీలే, నాకేం పని దాంతో" అన్నాడు. మామ మా గడప తొక్కడం మానేశాడు. నేను కూడా పిలవలేదు. మనిషి ప్రాణం కాపాడాడు కదా అని మనసు చెబితే, మనిషి నోటి వల్లే ప్రాణం మీదికొచ్చిందని నేనే దాని నోరు మూసేదాన్ని.

నాయన కూడా ఆ నాలుగేళ్ళూ ఎవరికీ విత్తనం పోయలేదు. అడిగితే ఇంకా కాలేదనేవాడు. ఇన్నేళ్ళ బతుకులో అడిగినవాళ్ళకు లేదనడం ఆయన అప్పుడే నేర్చుకున్నాడు. అనేటప్పుడు తల దించుకునేవాడు.

నాలుగో ఏడు, వేసిన సాళ్ళన్నీ దాదాపు ఒకలా వచ్చాయి. నాయన కత్తిపీట ముందు పొద్దున్నుంచీ కూర్చుని, బుట్ట ఖాళీ అయ్యేసరికి పక్కన పడేసిన పుచ్చు కాయలు ఒక చేతిలో పట్టేన్ని. ఆ పూటే మామ వచ్చాడు. గట్టు అవతలే నిలబడ్డాడు, తువ్వాలు చేతిలో పట్టుకుని.

"బావా, విత్తనం కావాల."

నాయన కన్నా ముందు నా నోరు లేచింది. "నీకేం మామా, మా పంపు ఉంది గదా, మందు కొట్టుకో."

మామ నా వైపు చూడలేదు. నాయనతోనే చెప్పాడు.

"పంపు నా కాడ లేదు బావా. నిన్ను ఆసుపత్రిలో దించి వచ్చిన పూటే మా పాడుబావిలో ఏసినా. ఇంటికి పంపిస్తే మళ్ళా తగిలించుకుంటావని భయమేసింది. నాది కూడా దాంట్లోనే ఏసినా. పంపు లేకుండా వంగ పెట్టేదెట్ల? నాలుగేళ్ళ నుంచీ పెట్టలా. మీ విత్తనం ఎప్పుడు తయారైతదా అని చూస్తా ఉండా."

మామ అన్న ఒక్క మాటను నాలుగేళ్ళు మోశాను, ఆయన మోసుకొచ్చిన మనిషిని మాత్రం మరిచిపోయాను. ఆకు నలిపి చెప్పగలిగిన నేను, గట్టు పక్కనున్న మనిషి ఎట్లాంటివాడో చెప్పలేకపోయాను.

నాయన లేచి నిలబడ్డాడు. విత్తనాల డబ్బా అందుకుని, మూత తీయకుండా నా వైపు తిరిగాడు. ఎవరినీ అడిగి ఇచ్చే అలవాటు లేని మనిషి.

"ఇయ్యొచ్చునా పాపా?"

"ఇయ్యొచ్చు నాయనా. ఈసారి నాలుగేళ్ళు చూసినాం."

మామ తువ్వాలు పరిచాడు. నాయన వణికే చేత్తో గుప్పెడు తీసి పోశాడు, ఒక్క గింజ కింద పడలేదు.

"బాగలేని చెట్టుంటే పీకెయ్యి. నన్ను తిట్టుకో, పడతా. మొదటి కోత దోసెడు మాత్రం తీసుకొచ్చి గడపలో పెట్టు బావా. నాలుగేళ్ళయింది నువ్వు మా ఇంటికొచ్చి."